నీటియొడ్డున మాటు

తేక్కడిలో తెల్లవాఱుజామున పడవయెక్కి పెరియారు సరస్సుమీద కొంతదూరము పోయిన యాత్రికునికి మొట్టమొదట కంటబడునది ఏనుగు కాదు, అడవిదున్నయు కాదు; నీటినడుమ నిటారుగా నిలిచియున్న ఎండుమ్రాకుల వరుస. మంచుతెఱ మెల్లమెల్లగా విడిపోవుచుండగా, కొమ్మలు రాలి, బెరడు ఊడి, నల్లబడిన ఆ మోళ్లు ఒక్కొక్కటే బయలుపడును. వాని కొనలమీద నీటికాకులు రెక్కలు విప్పి తడి యాఱబెట్టుకొనుచుండును. ఇవి 1895వ సంవత్సరమున ఆనకట్ట పూర్తియై, నీరు లోయలోనికి వెనుకకు ఎగదన్నినప్పుడు మునిగిపోయిన అడవిలోని చెట్లు. నాటినుండి నేటివరకు నీళ్లలో నానుచు ఇంకను కూలక నిలిచినవి. సెలవులకు వచ్చిన కుటుంబములు వానిని చూచి, వింతగా నున్నవని ఒక ఫోటో తీసికొని, ఏనుగులకొఱకు ఒడ్డువైపు కన్నులు త్రిప్పుదురు. ఆ యొడ్డున ఏనుగు కనబడుటకు ఆ మోళ్ల మునుకయే కారణమని వారికి చెప్పువా రుండరు. లోయ మునుగకున్నచో ఆ కారడవిలో ఒడ్డే లేదు. ఒడ్డు లేనిచో మృగము మనుష్యుని కంటికి దొరకుట దుర్లభము.

వర్షారణ్యములలో ఛాయాచిత్రములు తీయుటయను ఈ విద్య యొక్క పూర్వచరిత్రను తడవి చూచినకొలది నాకు ఈ విషయమే మఱల మఱల ఎదురగుచున్నది. అమెరికాఖండపు నడుమున పనామాలోను, మన దేశపు దక్షిణపుకొసన తిరువాన్కూరులోను, అడవిని గూర్చి గాని మృగములను గూర్చి గాని లవమైనను తలపోయని ఇంజనీర్లు, ఒకచోట ఓడలు నడచుటకును మఱియొకచోట పొలములు పండుటకును నీటిని నిలువగట్టిరి. ఆ నీటి యొడ్డుననే కెమెరా పట్టినవానికి మొదటి పీట దొరకినది.

అడవిలో అడుగుపెట్టనివారికి ఈ మాట అతిశయోక్తిగా తోచవచ్చును. ఆఫ్రికాఖండపు పచ్చికబయళ్లలో సింహమును, జిరాఫీని క్రోశెడు దూరమునుండి చూడవచ్చును. అచట ఎండకు కొదువ లేదు, చూపునకు అడ్డు లేదు. వర్షారణ్యము అట్టిది కాదు. నూఱడుగులకు మించి పెరిగిన మహావృక్షముల తలలు ఒకదానితో నొకటి పెనగొని పైకప్పువలె కమ్ముకొనగా, ఆకాశమునుండి దిగిన వెలుతురులో నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే నేలను చేరును. ఆ వెలుతురయినను ఆకులసందున జాఱి, ఇచట నొక చుక్క, అచట నొక చుక్కగా పడి, చూచువాని కంటిని భ్రమింపజేయును. తీగలు, పొదలు, వెదుళ్లు నాలుగుబారల యవతలిదానిని కనబడనీయవు. పులుగులును కోతులును పైకప్పులో కాపురముండును. నేలను తిరుగు మృగములలో పెక్కు రాత్రించరములు. కదలినచో ఎండుటాకులు చప్పుడుచేయును. కదలకున్నచో జలగలు కాళ్లు ప్రాకును. వీని కన్నిటికిని తోడు తేమ: కటకములకు బూజుపట్టించి, ఫిలిముమీది పూతను మెత్తబఱచి, తోలుసంచులకు నాచుపట్టించి వదలునట్టి తేమ.

కాబట్టియే ఛాయాచిత్రకళ పుట్టిన తొలిదినములలో వర్షారణ్యమునుండి వచ్చిన బొమ్మలలో చెట్లును, నదులును, మనుష్యులును ఉండిరే కాని సజీవమై తిరుగాడు మృగములు అరుదు. 1867లో ఆల్బర్ట్ ఫ్రిష్ అను జర్మనుడు అమెజాను నదివెంబడి పయనించి చిత్రములు తీసినకాలమున, గాజుపలకమీద తడిపూత పూసి, అది ఆఱకమునుపే చిత్రమును పట్టి, అప్పటికప్పుడు చీకటిగుడారములో కడిగికొనవలసి యుండెను. అట్టి సాధనముతో పరుగెత్తు మృగమును పట్టుట యెట్లు? ఎండుపలకలు వచ్చి, వాని వేగము పెరిగినతరువాత గాని ఆ యాస కలుగలేదు. కలిగినప్పుడైనను దారి చూపినది శాస్త్రజ్ఞుల ప్రయోగశాల కాదు, వేటగాండ్ర విద్య.

ఆ విద్యను కెమెరాకు మరపినవాడు జార్జి షైరాస్. పెన్సిల్వేనియా రాష్ట్రమువాడు; న్యాయవాది; కొంతకాలము అమెరికా కాంగ్రెసు సభ్యుడు. బాల్యమునుండి వేటాడుట మరగినవాడు. ఉత్తరపు సరస్సుల ప్రాంతమున ఓజిబ్వే జాతివారు రాత్రివేళ పడవ ముందుభాగమున నిప్పుమూకుడు నిలిపి, ఆ వెలుగునకు దిమ్మెఱపోయి నిలిచిన దుప్పి కన్నులు మెఱయుచుండగా, చీకటిమాటున కూర్చుండి దానిని కొట్టుచుండిరి. మన పల్లెలలోను రాత్రి దీపపు వెలుగుతో కుందేళ్లను దిమ్మెఱపఱచి పట్టుట పెద్దలెఱిగినదే. షైరాస్ తుపాకియున్నచోట కెమెరాను పెట్టి, నిప్పుమూకుడున్నచోట మెగ్నీషియపు మెఱుపుపొడిని పెట్టెను. అంతటితో నిలువక, మృగము నడచు బాటకు అడ్డముగా సన్నని త్రాడు కట్టి, కాలు తగిలినంతనే పొడి మండి కెమెరా తెఱచుకొనునట్లు ఏర్పఱచెను. బోయవాని ఉచ్చే యిది. అయితే ఇందు చిక్కునది నీడ మాత్రమే. 1906 జూలైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక అతని చిత్రములు 74 ఒక్కసారిగా అచ్చువేయగా, పత్రిక బొమ్మలపుస్తకమైపోయినదని ఆక్షేపించి పాలకవర్గములో ఇరువురు రాజీనామా యిచ్చిరి. కాని పాఠకులకు ఆ రాత్రిమృగములు కన్నులపండువ యయ్యెను.

ఆ షైరాసే తరువాత పనామాకు పోయెను. అచట చాగ్రెస్ నదికి గాటున్‌వద్ద ఆనకట్ట వేయగా, నీరు సముద్రమట్టమునకు 26 మీటర్ల యెత్తువఱకు లేచి, వందలకొలది చదరపు కిలోమీటర్ల లోయను ముంచివేసి, అంతకుమున్ను మానవనిర్మితములలో అంతటిది లేనంత సరస్సు ఏర్పడెను. 1914 ఆగస్టు 15న ఆ సరస్సుమీదుగా ఓడలరాకపోకలు మొదలయ్యెను. మునిగిన అడవిచెట్ల తలలు నీటిపైకి పొడుచుకొని నిలిచియున్న ఆ దినములలోనే షైరాస్ ఆ ప్రాంతమున సంచరించి, మాఱిన నేలయు మాఱిన మృగజాలమును గూర్చి 1915లో అదే పత్రికలో చిత్రములతో వ్రాసెను. ఉష్ణమండలపు కారడవిని మెఱుపుదీపముతో పట్టుటకు జరిగిన తొలి గట్టి ప్రయత్నములలో దానికి తప్పక చోటు కలదు.

లోయ మునిగినప్పుడు దానిలోని గుట్టలు దీవు లయ్యెను. అందు పెద్దదాని పేరు బారో కొలరాడో. స్పానిషుభాషలో ఎఱ్ఱమట్టి యని యర్థము. సుమారు 15 చదరపు కిలోమీటర్ల ఆ దీవి నలుదెసల నీరుండుటచేత గొడ్డళ్లకును, తుపాకులకును కొంత దూరమై నిలిచెను. జేమ్స్ జెటెక్ అను కీటకశాస్త్రజ్ఞుడును, అతని మిత్రులును పట్టుపట్టి అడుగగా, 1923 ఏప్రిల్ 17న పనామాకాలువ ప్రాంతపు గవర్నరు దానిని ప్రకృతిపరిశీలనకు ప్రత్యేకించెను. దీవిలో బాటలు కొట్టి, ఒక్కొక్క బాటకు ఒక్కొక్క పండితుని పేరు పెట్టి, ఎక్కడ ఏమి చూచితిమో నిశ్చయముగా చెప్పుటకు వీలుగా గుఱుతుకొయ్యలు పాతిరి. ఈ కొయ్యలసంగతి అల్పముగా తోచవచ్చును గాని, ముందు చెప్పబోవు దానికి ఇదియే ఆయువుపట్టు.

ఆ దీవికి ఫ్రాంక్ చాప్‌మన్ వచ్చెను. ఈయన చరిత్ర నాకు మిక్కిలి ప్రీతిపాత్రము. 1864లో జన్మించి, కళాశాల ముఖమెఱుగక, న్యూయార్కులో ఒక బ్యాంకున గుమాస్తాగా పనిచేయుచు, పనికి పోవు త్రోవలోను వచ్చు త్రోవలోను పక్షులను చూచుచు, తుదకు ఆ కొలువు విడిచి, ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలలో పక్షిశాఖకు అధిపతి యైనవాడు. 1886లో ఆ నగరపు వీధులలో రెండుమాఱులు షికారుపోయి స్త్రీల టోపీలు 700 లెక్కపెట్టి, వానిలో 542 టోపీలమీద పక్షి యీకలో పక్షి కళేబరములో ఉన్నవని వ్రాసిపెట్టెను. అలంకారముకొఱకు పక్షులను చంపుటకు వ్యతిరేకముగా నడచిన ఉద్యమమునకు ఈ లెక్క గొప్ప ఆయుధమయ్యెను. 1900లో, క్రిస్మసు పండుగనాడు తుపాకులు పట్టి పోటీపడి పక్షులను కొట్టు ఆచారమునకు బదులు, పక్షులను లెక్కపెట్టు ఆచారమును ప్రారంభించినవాడును ఇతడే. చంపక లెక్కించుట: ఇదియే అతని జీవితమంతయు నడచిన దారి.

అఱువదియేండ్లు దాటినతరువాత ఆయన న్యూయార్కు మంచుకాలమును విడిచి, బారో కొలరాడోకు వచ్చి గడపసాగెను. న్యూయార్కు మంచుకాలము పనామాకు ఎండకాలము: డిసెంబరు నడుమనుండి ఏప్రిలువఱకు అచట వాన తగ్గి, బాటలు ఆఱి, మెఱుపుపొడి నిమ్మెక్కక నిలుచును. ఒడ్డునుండి నిలువెత్తుగా మెట్లెక్కి చేరవలసిన గుట్టమీది ఆ వసతినుండి అడవితలలను చూచుచు కూర్చుండిన ఆయన, దానికి ఉష్ణదేశపు గగనసౌధమని పేరుపెట్టి 1929లో ఆ పేరుతోనే గ్రంథమును వెలువరించెను. పగటివేళ ఆయనకు బాటలలో అడుగుజాడలు కనబడుచుండెను. జాడ వదలిన మృగము కనబడదు. ఈ బాటలలో రాత్రివేళ ఎవరు నడచుచున్నారు? ఈ ప్రశ్నకు తుపాకితోనో బోనుతోనో సమాధానము రాబట్టుట అప్పటి శాస్త్రజ్ఞుల రివాజు. చచ్చిన మృగపు తోలును పుఱ్ఱెయు పెట్టెలో భద్రపఱచినగాని ఆ మృగ మున్నదని నమ్మెడువారు కారు. చాప్‌మన్ చెట్లకు కెమెరాలు కట్టి, బాటకడ్డముగా త్రాళ్లు సాచి, సాయంకాలము మెఱుపుపొడి నింపి, ఇంటికి పోయి నిద్రించెను.

తెల్లవాఱి పలకలు కడిగి చూచునప్పటి ఆ ముసలివాని మనస్సును నేను ఊహించుకొనగలను. ఒకనాటి పలకమీద ప్యూమా యను గోధుమవన్నె పెద్దపిల్లి. మఱియొకనాడు మచ్చల ఓసిలాటు. వేఱొకనాడు తొండమువంటి ముట్టెను ముందునకు చాచి నడచు టేపిరు. పెకారీ యనబడు అడవిపందుల గుంపు. మెఱుపు మెఱసిన ఆ క్షణమున తల యెత్తిన మృగపు ముఖమునందు మనుష్యుని చూచిన బెదరు లేదు. తన యింటి వాకిట తాను నడచుచున్న ప్రాణి సహజస్థితి యున్నది. ఈ చిత్రములతో ఆయన వ్రాసిన వ్యాసము 1927 సెప్టెంబరులో వెలువడెను. ఏ రాత్రి, ఏ బాటలో, ఏ గుఱుతుకొయ్యదగ్గఱ ఏ మృగము నడచినదో చెప్పగలిగిన ఆ చిత్రమాల వర్షారణ్యమున సజీవమృగములకు జరిగిన తొలి జనాభాలెక్క యని చెప్పదగినది. ఒక్కప్రాణము తీయకుండ ఒక అడవి నివాసుల పట్టిక తయారైనది!

ఆ 1927లోనే మన దేశమున ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ అను అటవీశాఖాధికారి, పులులను త్రాటియుచ్చుతోను మెఱుపుదీపముతోను పట్టిన చిత్రములతో గ్రంథము ప్రకటించెను. అతని అడవులు హిమాలయపాదములందలి సాలవనములు. వర్షారణ్యములు కావు కాబట్టి ఇచట విస్తరింపను. వేటయే గౌరవచిహ్నమైన కాలమున వేట మానిన అధికారి యని మాత్రము చెప్పవలసియున్నది.

మెఱుపుపొడికాలము ఎక్కువకాలము నిలువలేదు. 1930 ప్రాంతమున గాజుబుడ్డిలో మండు మెఱుపుదీపములు వచ్చి పొగయు పేలుడును పోయినవి. ఆపై విద్యుత్తుతో మెఱయు దీపములు వచ్చినవి. 1930లలో కోడాక్రోం ఫిలిము రంగులను తెచ్చెను. కాని దాని వేగము మిక్కిలి తక్కువ యగుటచే అడవిచీకటిలో ఏమంత యుపకరింపలేదు. ఏటియొడ్డున, చెఱువొడ్డున, ఎండతగులుచోట మాత్రమే అది పనిచేసెను. మఱల ఒడ్డే శరణ్యమయ్యెను.

ఈ కాలమునకు చెందిన ఇరువురిని స్మరింపకుండ ముందునకు సాగుటకు నాకు మనసొప్పదు. ఒకడు క్రాఫర్డ్ గ్రీన్‌వాల్ట్. డ్యూపాంట్ అను మహారసాయనసంస్థకు 1948నుండి 1962వఱకు అధ్యక్షుడై, ఆ కార్యభారముల నడుమ చిక్కిన తీఱికలో దక్షిణామెరికా అడవులకు పోయి, బొటనవ్రేలంతటి తేనెపిట్టలను, సెకనునకు పదులమాఱులు కొట్టుకొను వాని రెక్కలను, అతివేగపు విద్యుద్దీపపు వెలుగున నిలిపి చూపెను. 1960లో అచ్చయిన అతని గ్రంథము నేటికిని ఆ పక్షులను గూర్చి మొదట తెఱువదగినది. రెండవవాడు ఇ. పి. గీ; అస్సాములో తేయాకుతోటల యధికారి. 1953లో మానస్, సంకోష్ నదుల నడుమ అడవిలో బంగారువన్నె కొండముచ్చును రంగుల చలనచిత్రముగా పట్టి, అట్టి జాతి యొకటి కలదని శాస్త్రలోకమునకు ఎఱుకపఱచెను. తరువాత మూడేండ్లకు ఆ కొండముచ్చుకు అతని పేరే శాస్త్రనామములో చేరెను. ఆయన వ్రాసిన గ్రంథము 1964లో జవాహర్‌లాల్ నెహ్రూ పీఠికతో వెలువడెను. ఒకడు ఉద్యోగపు సెలవుదినములలోను, మఱియొకడు తోటపని తీఱికలోను చేసిన పని యిది. సెలవును వ్యర్థవినోదముగా కొట్టివేయువారు ఈ ఇరువురిని తలచుకొనవలెను.

ఇక పెరియారు. 1886లో తిరువాన్కూరు మహారాజునకును మద్రాసు ప్రభుత్వమునకును 999 సంవత్సరముల ఒడంబడిక కుదిరెను. 1887లో పని మొదలయ్యెను. పడమటికి పాఱి అరేబియాసముద్రమున కలియు నదిని అడ్డగించి, కొండను తొలిచి, తూర్పునకు వైగైలోయకు మరలించి, మధుర సీమలోని వట్టిభూములకు నీరిచ్చుట దాని యుద్దేశము. పెన్నీక్విక్ అను ఇంజనీరు ఆధిపత్యమున 8 యేండ్లు నడచిన ఆ పనిలో వఱదలు కట్టడమును కొట్టుకొనిపోయినవి. మన్నెపుజ్వరము కూలివారిని పొట్టనబెట్టుకొన్నది. మధుర, తేని ప్రాంతముల రైతులు నేటికిని పెన్నీక్విక్ పటమును ఇండ్లలో పెట్టుకొని పొంగలి నివేదించుట మనము చూడవచ్చును. మునిగిన అడవికి ఎవ్వరును ఏమియు నివేదింపలేదు. సుమారు 26 చదరపు కిలోమీటర్ల మేర చేతివ్రేళ్లవలె లోయలలోనికి చాచుకొని నిలిచిన ఆ నీటికి, వంకరటింకరగా ఎంతో పొడుగైన ఒడ్డు ఏర్పడెను.

ఆ యొడ్డు ఏనుగుల కెట్లు ఉపకరించెనో చూడుడు. వానలు వెనుకబట్టి, పొలములకు నీరు తరలిపోవుచుండగా, ఎండకాలమున సరస్సు మట్టము దిగిపోవును. దిగినకొలది బయలుపడిన తేమనేలపై లేతగడ్డి మొలచును. అడవిలోపల మేత ముదిరి, వాగులు ఎండిన మార్చి, ఏప్రిలు నెలలలో ఆ లేతగడ్డికొఱకు ఏనుగులు గుంపులుగుంపులుగా ఒడ్డునకు దిగును. అడవిదున్నలు, కణుజులు, అడవిపందులును అట్లే. వానివెంట రేచుకుక్కలు. నీటిలో నీటికుక్కలు. మోళ్లమీద, పామువంటి మెడ సాచి చేపలను పొడుచు పక్షులు గూళ్లు కట్టును. ఎవరును ప్రణాళిక వేసి చేయని ఈ యేర్పాటువలన పడవలో కూర్చుండినవానికి, పొదలును తీగలును అడ్డములేని ఎండలో, ఏనుగులమంద పిల్లలతోసహా కనబడును. ఇంతకంటె మంచి మాటు మనుష్యబుద్ధి కల్పింపజాలదు.

తిరువాన్కూరు ప్రభువులకు ఇది మొదట వేటవిడిది, వేసవివిడిది. సరస్సు నడుమ ఎడప్పాళయమున వారు కట్టించుకొన్న సౌధము నేడు యాత్రికుల వసతిగృహము. 1933లో ఎస్. సి. హెచ్. రాబిన్సన్ అను నతడు మృగసంరక్షణాధికారిగా నియమితుడయ్యెను; 1934లో చిత్తిర తిరునాళ్ మహారాజు సరస్సుచుట్టునున్న అడవిని నెల్లిక్కంపట్టి మృగరక్షితప్రదేశముగా ప్రకటించెను; 1950లో విస్తరించి పెరియారు అభయారణ్య మయ్యెను; 1978లో పులుల సంరక్షణకేంద్రములలో చేరెను. వేటవిడిది దర్శనస్థల మగుటకు పట్టిన కాలము ఒక తరమునకు మించలేదు.

తెలుగువారికి ఈ యడవి పరాయిది కాదు. శబరిమల ఈ అరణ్యమునకు పడమటిభాగముననే యున్నది. ఇరుముడి తలకెత్తుకొని మధుర, తేని, కుమిలి మీదుగా పోవు మన స్వాములకు, కనుమ యెక్కుచోట కొండమీదినుండి దిగు పెద్ద ఇనుపగొట్టములు కనబడును. అవి ఈ సరస్సునీటిని తూర్పునకు దింపు గొట్టములే. ఆ నీటిని చూచి సాగిపోవువారే యెక్కువ. దీక్ష విరమించి తిరుగుముఖమున తేక్కడిలో ఒకపూట ఆగి పడవ యెక్కువారును ఉన్నారు. నేనును అట్లే యెక్కితిని. ఒడ్డున ఏడెనిమిది ఏనుగులు, నడుమ ఒక గున్న. పడవలోని వారందఱును ఒక్కవైపునకు వచ్చి ఒక్కగొంతుతో కేకవేసిరి. పెద్దయేనుగు తొండ మెత్తి గాలి పసిగట్టి, గున్నను ముందునకు త్రోసి, రెప్పపాటులో మందనంతయు అడవిలోనికి మరలించుకొని పోయెను. ఎవ్వరి చేతిలోను చిత్రము నిలువలేదు. మా వెనుకవరుసలో కెమెరా ఒడిలో పెట్టుకొని ఊరకున్న వృద్ధు డొకడు మాత్రము, అందఱును కూర్చుండినపిదప, ఏనుగులు విడిచిన ఆ యొడ్డుననే పదినిముషములు కన్నువేసి యుండి, పొదలోనుండి వెలుపలికి వచ్చిన కణుజును చిత్రించుకొనెను.

పడవ కాక కాలినడకను ఈ యడవి చూచువారికి దారిచూపువారి కథ విశేషమైనది. మన్నన్, పళియన్ తెగలవారు తరతరములుగా ఈ యడవిని ఎఱిగినవారు. వారుగాక, కుమిలి ప్రాంతమున వయన యను అడవిదాల్చినచెట్టు పట్టను దొంగతనముగా ఒలిచి అమ్ముకొని బ్రదికిన మనుష్యుల జట్టు ఒకటి యుండెను. ఏ వాగు ఎక్కడ దాటవలెనో, ఏ వాసన ఏ మృగపుదో, ఏ నిశ్శబ్దము దేనికి సూచనయో వీరికి తెలిసినంతగా కొలువుచేయు కావలివారికి తెలియదు. 1990ల చివర జరిగిన అభివృద్ధిపథకమున అధికారులు వీరితో మాటాడి, కేసులనుండి విముక్తి కలిగించి, ఆ నేర్పునే జీవనోపాధిగా మార్చిరి. అప్పటినుండి వీరు యాత్రికులను వెంటబెట్టుకొని అడవి చూపుచు, రాత్రులు కాపలా తిరుగుచున్నారు. ఒకనాడు చెట్టు ఒలిచిన చేయి నేడు అతిథి భుజముమీద మెల్లగా వ్రాలి, ఆగుమని సైగచేసి, నల్లకొండముచ్చునో సింగిలీకమునో చూపును. పెరియారులో తీసిన మంచిచిత్రములలో అనేకములకు ఈ పేరులేని మార్గదర్శకులు సగము కర్తలని నా తీర్పు.

దక్షిణాది మృగములను చిత్రించినవారిలో మద్రాసువాసి మా. కృష్ణన్ పేరు చెప్పక తీఱదు. తమిళనవలాకారుడు మాధవయ్యకు కుమారుడు. 1950నుండి 1996లో మరణించువఱకు స్టేట్స్‌మన్ పత్రికలో ప్రకృతిని గూర్చి ఎడతెగక వ్రాసినవాడు. రంగులఫిలిము రాజ్యమేలిన దినములలోను నలుపుతెలుపులనే నమ్ముకొని, సొంతముగా కూర్చుకొన్న సాధనములతో, ద్వీపకల్పపు అడవులెల్ల తిరిగెను. చిత్రములో మృగమొక్కటే నిండియుండుట ఆయనకు చాలదు. అది నిలిచిన నేల, దాని వెనుకనున్న చెట్టు, దానితోనున్న తోడు కూడ కనబడవలెను. ఆ చిత్రములు నేడు అప్పటి అడవికి సాక్ష్యపత్రములు.

సాక్ష్యమను ఈ మాటవద్దనే చాప్‌మన్ మఱల నాకు జ్ఞప్తికి వచ్చుచున్నాడు. ఆయన దీవిలో కట్టిన త్రాటియుచ్చు కొన్ని దశాబ్దములు మఱుగునపడి, పరారుణకిరణముతో పనిచేయు కొత్తరూపమున తిరిగి వచ్చెను. 1990ల ఆరంభమున నాగరహొళె అడవిలో ఉల్లాస్ కారంత్, బాటకు ఇరుప్రక్కల కెమెరాలు నిలిపి, ఏ రెండు పులులకును చారలు ఒక్కతీరుగా నుండవన్న సత్యము నాధారముచేసికొని, పులుల సంఖ్యను గణితపద్ధతిని నిర్ణయించి 1995లో ప్రకటించెను. అడుగుజాడల అచ్చులను నమ్మి చెప్పిన పూర్వపులెక్కలు దానితో నిలువలేకపోయినవి. నేడు మన నల్లమలలోను పులిని లెక్కించునది ఈ పద్ధతియే.

సరస్సు ఇచ్చినదానితోపాటు పుచ్చుకొన్నదానిని గూర్చియు చెప్పవలెను. లేనిచో ఈ చరిత్ర సగము. ప్రధానభూమినుండి విడిపోయిన బారో కొలరాడోలో, ఏటేట చూచువారికి తెలియకుండ, నేలమీద మసలు పక్షిజాతులు కొన్ని నశించుచు వచ్చినవి. చీమలదండు వెంట తిరుగు పక్షులను ఏండ్లతరబడి పరిశీలించిన ఎడ్విన్ విల్లిస్, ఇప్పటి దీవిని పూర్వపుపట్టికలతో పోల్చి, ఆ నష్టమును 1974లో ప్రకటించెను. పూర్వులు తేదీలతో వ్రాసిపెట్టియుండనిచో, ఆ పక్షులు పోయినవనియైనను మనకు తెలియకపోయెడిది. నష్టమును ఎఱుగుటకును మునుపటి వ్రాత కావలెను.

నేడు ప్రతిచేతిలోను కెమెరా యున్నది; ఫిలిము లేదు, మెఱుపుపొడి లేదు, పలకలు కడుగు శ్రమ లేదు. ఒక్క పడవవిహారమునందు పుట్టు చిత్రములు చాప్‌మన్ ఎన్నియో శీతకాలములలో తీసినవానికంటె ఎక్కువ యుండును. కాని అందు తేదీ, స్థలము, వేళ వ్రాసిపెట్టబడినవి ఎన్ని? కాబట్టి వేసవిసెలవులకు తేక్కడికి గాని, అందమానులకు గాని, మఱి యే కారడవికి గాని పోవు మన తెలుగు కుటుంబములను నేను కోరునది ఒక్కటే. పడవలో కేకలు వేయకుడు. ఏనుగు పోయినతరువాత మఱి పదినిముషములు ఊరక కూర్చుండుడు. ఇంటికి వచ్చినపిదప, ప్రతిచిత్రముక్రింద ఊరు, ఒడ్డు, తేదీ, గంట, కనబడిన మృగముల సంఖ్య, నీటిమట్టము ఎంతవఱకు దిగియున్నదో ఆ సంగతియు ఒక నోటుపుస్తకములో వ్రాసియుంచుడు. పిల్లలచేత వ్రాయించినచో మఱియు మంచిది.